ఆంధ్ర పితామహ మాడపాటి హనుమంతరావు పంతులుగారు

సంగారెడ్డి జిల్లాలోని జోగిపేట పేరు తెలంగాణ చరిత్రలో చిరస్థాయిగా నిలిచియున్నది. 1930 సంవత్సరము మార్చి నెలలో నిజాము రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశము ఆ యూరనే జరిగెను. అప్పుడు అది మెదకు జిల్లాలోని ఒక చిన్న వర్తక కేంద్రము. ఆ సభకు సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. అధ్యక్షుని పేరు అందరికిని తెలియును గాని, అట్టి సభ యొకటి జరుగుటకు వలసిన భూమిని దాదాపు పది సంవత్సరములు ఓర్పుతో దున్ని సిద్ధపరచినవారు మాడపాటి హనుమంతరావు పంతులుగారు. తెలుగు పాఠశాల, తెలుగు గ్రంథాలయము, తెలుగు సభ అను మూడింటిని తెలంగాణమున పాదుకొల్పిన పెద్దలలో ఆయన అగ్రగణ్యులు. కావుననే ప్రజలు ఆయనను ఆంధ్ర పితామహుడని గౌరవించిరి.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. తండ్రి వెంకటప్పయ్యగారు. పసితనముననే తండ్రిని కోల్పోవుటచే బాలుడు మేనమామల సంరక్షణలో తెలంగాణమునకు వచ్చి సూర్యాపేటలో పెరిగెను. పుట్టినది బ్రిటిషు ఇలాకాలోనైనను పెరిగినది, చదివినది, జీవితమంతయు సేవ చేసినది నిజాము ఇలాకాలోనే. ఆ కాలమున ఈ ప్రాంతపు పిల్లవానికి చదువనగా ముందు ఉర్దూ, దానితో కొంత ఫారసీ, ఆపై ఆంగ్లము. తెలుగు ఇంటి భాషయే గాని బడి భాష కాదు. బాలుడు ఆ భాషలన్నింటిని శ్రద్ధగా నేర్చెను. తరువాతి కాలమున ఉర్దూ పత్రికకు సంపాదకీయములు వ్రాయగల పాండిత్యము ఆయనకు అబ్బెను. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలెను. తెలుగు కొరకు ఆయన చేసిన పోరాటము ఉర్దూ రాని వాని కోపము కాదు, ఉర్దూమీది ద్వేషమును కాదు.

హనుమకొండలో మెట్రిక్యులేషను వరకు చదివి, అక్కడనే విద్యాశాఖలో చిన్న యుద్యోగమున ప్రవేశించిరి. 1904లో ఆ పట్టణమున రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయము వెలసెను. పగలు కచ్చేరీలో ఉర్దూ కాగితములు వ్రాసి, సాయంకాలము ఆ నిలయమున తెలుగు పుస్తకములు సర్దుట ఆయన దినచర్య. అటుపిమ్మట హైదరాబాదునకు మారి ప్రభుత్వ శాసన నిర్మాణ శాఖలో తర్జుమా పనిచేసిరి. 1917లో ఆ కొలువు విడిచి వకీలుగా స్వతంత్ర జీవనము ఆరంభించిరి. రాజధానిలో 1901 నాడే స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయమునకు కార్యదర్శియై పనిచేసిరి. ప్రేమ్‌చంద్ కథలను మొట్టమొదట తెలుగు చేసినవారిలో ఒకరుగా సాహిత్యమునను పేరు గడించిరి.

హైదరాబాదు రాష్ట్రములో అప్పటి చదువుల స్థితి నేటివారికి వింతగా తోచును. రాష్ట్ర జనసంఖ్యలో దాదాపు సగము తెలుగువారు. తరువాత మరాఠీలు, కన్నడిగులు, ఉర్దూ మాటాడువారు గలరు. శిస్తు చెల్లించువారిలో అన్ని భాషలవారును గలరు. కాని ఆ ధనముతో నడుచు ఉన్నత పాఠశాలలలో బోధనాభాష ప్రధానముగా ఉర్దూ. ఊరి బడిలో తొలి తరగతులు తెలుగున చదివిన పిల్లవాడు పై తరగతికి పోగానే పరభాషలో గణితమును, భూగోళమును వినవలసి వచ్చెడిది. విషయము కఠినమై కాదు, భాష అర్థము గాక ఎందరో బాలురు మధ్యలోనే చదువు చాలించి నాగలి పట్టిరి. బాలికల సంగతి చెప్పనక్కరలేదు. అక్షరాస్యులు నూటికి పదిమందికంటె తక్కువగానున్న రాజ్యములో చదివిన తెలుగు బాలిక యనగా అపురూపము.

ఇచట ప్రభుత్వము చేసిన మేలును మరువరాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యము మొదలు చరిత్ర వరకు సమస్త శాస్త్రములను ఒక దేశభాషలో బోధించుటకు పూనుకొనెను. అందులకై తర్జుమా శాఖ నొకదానిని పెట్టి వందల గ్రంథముల ననువదింపించిరి. ఆంగ్లము లేనిదే ఉన్నతవిద్య లేదని భారతదేశమంతయు నమ్మిన రోజులలో అది సాహసమే. కాని ఉర్దూ విషయమున సత్యమైనది తెలుగు విషయమున అసత్యమెట్లగును? దేశభాషలో శాస్త్రము చెప్పవచ్చునని ఒకసారి ఋజువైన పిమ్మట, తెలుగు బాలునికి తెలుగున చెప్పరాదనుటకు యుక్తి లేదు. పంతులుగారి వాదమునకు ఈ న్యాయమే పునాది. సర్కారు ఉర్దూ పాఠశాలలను మూసివేయవలెనని వారెన్నడు కోరలేదు. అదే ఖజానానుండి, అదే శిస్తునుండి, తెలుగు పాఠశాలకును న్యాయమైన పాలు రావలెనని మాత్రమే కోరిరి.

1921 నవంబరు నెలలో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణమున సంఘ సంస్కార మహాసభ జరిగెను. పూనాకు చెందిన స్త్రీవిద్యా ప్రవర్తకులు ధోండో కేశవ కర్వే పండితుడు దానికి అధ్యక్షులు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసములు సాగెను. అల్లంపల్లి వెంకటరామారావుగారను వకీలు లేచి తెలుగున మాటలాడుట కారంభింపగా సభలో కొందరు గేలిచేసి అల్లరి చేసిరి. సొంత రాజధానిలో, సొంత భాషలో నోరు విప్పుటకు స్థానము లేకపోయెను. ఆ రాత్రియే కొందరు తెలుగు పెద్దలు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్ర జన సంఘమును స్థాపించిరి. మాడపాటివారు ఆ సంఘమునకు ప్రాణమైరి. అవమానమును కలహముగా మార్చక కార్యముగా మార్చుట ఆయన స్వభావము.

సంఘము చేపట్టిన పనులు పైకి చిన్నవి. ఊరూర గ్రంథాలయములు, పఠనమందిరములు నెలకొల్పుట, విద్యార్థులకు సహాయము చేయుట, చిన్న చిన్న పుస్తకములను అచ్చువేసి పంచుట. వెట్టిచాకిరి విషయమై ప్రకటించిన పుస్తకము గ్రామ ప్రజలకు తమ హక్కులను తెలిపెను. 1923లో హనుమకొండలో శాఖాసంఘములన్నియు కలిసి నిజాము రాష్ట్ర ఆంధ్ర జన కేంద్ర సంఘముగా నేర్పడగా, పంతులుగారే కార్యదర్శి. రాజకీయములకు తావులేని ఆ రాజ్యములో అధికారులు గ్రంథాలయమును సైతము అనుమానముతో చూచెడివారు. పత్రిక చదువుకొను నలుగురు ఒకచోట కూడుటయే నేరముగా తోచిన కాలమది. పంతులుగారు మాత్రము ప్రతి యడుగును చట్టమునకు లోబడియే వేసిరి. అర్జీ వ్రాయుట, జవాబు రాకున్న మరల వ్రాయుట, అధికారిని కలిసి యుక్తులు చెప్పుట ఆయన మార్గము. ఈ నెమ్మదిని కొందరు యువకులు మెత్తదనమనిరి. కాని ఆ మెత్తని మార్గముననే గ్రంథాలయములు బ్రతికినవి.

పాఠశాలల విషయమున చిక్కు మరింత గట్టిది. గ్రామములలో పంతుళ్లు తమంత తాము నడుపుకొను వీధిబడులను ఖాన్గీ పాఠశాలలనెడివారు. సర్కారు బడి లేని ఊళ్లలో ఇవియే దిక్కు. 1920 దశకమున ప్రభుత్వము ఈ బడుల విషయమున కఠిన నిబంధనలు చేసెను. ముందుగా అనుమతి లేనిదే ఎవరును ఖాన్గీ పాఠశాల పెట్టరాదు. సర్కారు తాను బడి పెట్టదు. ప్రజలు పెట్టుకొందుమన్న సులువుగా పెట్టనీయదు. పెట్టినదానికి ద్రవ్యసహాయము చేయదు. ఈ మూడును కలిసినచోట బాలుని గతి యేమి? కేంద్ర సంఘము, తరువాత ఆంధ్ర మహాసభ ఈ నిబంధనలను తొలగింపుమని పదే పదే కోరినవి. బ్రిటిషు ఇండియాలో 1854 నాటి వుడ్ విద్యాలేఖ తరువాత ప్రైవేటు పాఠశాలలకు సైతము సహాయద్రవ్యము ఇచ్చు పద్ధతి యేర్పడెను. ఏ మతమువారు, ఏ సంఘమువారు నడుపుచున్నారని గాక, చదువు సరిగా సాగుచున్నదా యని చూచి ధనమిచ్చుట ఆ పద్ధతికి మూలము. ఆచరణలో లోపములున్నను సూత్రము మంచిది. ఆ సూత్రము తెలుగు బడికి ఇచట అందలేదు.

అర్జీలతోనే కాలము గడుపక 1928లో పంతులుగారు హైదరాబాదు నగరమున తెలుగు బాలికల పాఠశాలను స్థాపించిరి. మిత్రులును, ఆయన అర్ధాంగి మాణిక్యమ్మగారును తోడ్పడిరి. పాఠశాల క్రమముగా ఉన్నత పాఠశాలగా ఎదిగెను. బోధన తెలుగున. ఇచటనే కష్టము మొదలయ్యెను. ఉన్నత తరగతులలో తెలుగున బోధించు పాఠశాలకు ప్రభుత్వము గుర్తింపు ఇయ్యలేదు. గుర్తింపు లేకున్న సహాయద్రవ్యము లేదు. సర్కారు పరీక్షకు పిల్లలను పంపు వీలు లేదు. పరీక్ష లేకున్న సనదు లేదు. సనదు లేని చదువునకు తమ బిడ్డను ఏల పంపవలెనని తండ్రి యడిగిన ఏమి చెప్పవలెను? ఉర్దూలో బోధించుట కంగీకరించినచో ఈ బాధలన్నియు ఒక్కనాటితో తీరును. ఉపాధ్యాయినుల జీతములకు చందాల కొరకు తిరుగు పని తప్పును. కాని అప్పుడు ఏ బాలికల కొరకు ఆ పాఠశాల పుట్టినదో ఆ బాలికలకే అది పరాయిదగును. పంతులుగారు భాషను మార్చలేదు, పాఠశాలను మూయలేదు.

ఆయన మరియొక దారి వెదకిరి. కర్వే పండితుడు 1916లో పూనాలో భారతీయ మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించియుండెను. స్త్రీలకు మాతృభాషలో విద్య నేర్పుట దాని ముఖ్యాశయము. 1920లో విఠల్‌దాస్ ఠాకర్సీగారు పదునైదు లక్షల రూపాయల విరాళము ప్రకటించుటతో ఆ సంస్థకు ఆయన తల్లి పేరు వచ్చెను. పంతులుగారు తమ పాఠశాలను ఈ విశ్వవిద్యాలయమునకు అనుబంధము చేసిరి. హైదరాబాదులోని తెలుగు బాలిక తన రాజ్యములో దొరకని పరీక్షను దూరపు పూనా విద్యాపీఠము ద్వారా వ్రాసెను. ఇందొక విశేషము గలదు. తెలుగు మాటకు అవమానము జరిగిన 1921 నాటి సభకు అధ్యక్షులు కర్వేగారే. ఆయన స్థాపించిన విద్యాపీఠమే తెలుగు చదువునకు ఆశ్రయ మిచ్చెను. మరియు ఆ విద్యాపీఠమునకు సైతము ఆనాడు ప్రభుత్వ శాసనపు గుర్తింపు లేదు. అది 1951లో గాని లభింపలేదు. గుర్తింపు లేని పాఠశాలకు గుర్తింపు లేని విశ్వవిద్యాలయము చేయూత నిచ్చుట చరిత్రలో అరుదు.

ఈ విజయమును పొగడునప్పుడు దాని హద్దును గూడ చెప్పవలెను. చందాలిచ్చు వకీళ్లును, వర్తకులును, ఉద్యోగులును ఉన్న రాజధానిలో అట్టి పాఠశాల నిలిచెను. జోగిపేటలోనో, సంగారెడ్డిలోనో, పటాన్‌చెరువులోనో రైతు బిడ్డకు అట్టి పాఠశాల నెవరు పెట్టగలరు? ఎంత గొప్ప దాత యైనను ఒక పాఠశాలను, రెండు పాఠశాలలను పోషింపగలడు. ప్రతి తాలూకాలో ఉన్నత పాఠశాల నిలుపుట ఖజానాకే సాధ్యము. పంతులుగారు ఈ సంగతిని బాగుగా నెరిగియుండిరి. ఒక చేత పాఠశాలను నడుపుచు, మరియొక చేత అర్జీని విడువలేదు. తాము నడిపిన పాఠశాల ప్రభుత్వ బాధ్యతకు మారుగా వెలసినది కాదు, ఆ బాధ్యత నెరవేర్చుట సాధ్యమేనని చూపిన నిదర్శనము.

జోగిపేట సభ ఈ నేపథ్యమున జరిగెను. బహిరంగ సభలకు ప్రభుత్వానుమతి తప్పనిసరియని శాసించు గస్తీ అమలులో నుండుటచే, సభ పెట్టుటయే ఒక పరీక్ష. అనుమతి సంపాదించుటకు పంతులుగారి ఓర్పు, అధికారులతో ఉర్దూలో సంప్రదింపగల నేర్పు అక్కరకు వచ్చెను. ఆ సభతోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళా సభయు జరిగెను. స్త్రీలు వేదిక యెక్కి స్త్రీవిద్యను గూర్చి మాటలాడుట ఈ ప్రాంతమునకు క్రొత్త. మాతృభాషలో చదువు, గ్రంథాలయముల వ్యాప్తి, సాంఘిక సంస్కారము ఆ సభలోని ముఖ్య విషయములు. పల్లెలనుండి వచ్చిన రైతులు తమ మాటలో తమ కష్టములను చర్చించుట వినిరి. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభకు పంతులుగారే అధ్యక్షులైరి. తరువాత మహాసభలో అతివాద మితవాద భేదములు పెరిగి చీలికలు వచ్చినను, విద్యావిషయమున ఆయన కృషిని ఏ పక్షమువారును కాదనలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాష్ట్రము భారతదేశమున చేరెను. పాఠశాలలలో ప్రాంతీయ భాషలు బోధనాభాషలుగా వచ్చినవి. ముప్పది సంవత్సరముల నాటి కోరిక ఈడేరెను. పంతులుగారు తాము చూచిన ఉద్యమ చరిత్రను తెలంగాణ ఆంధ్రోద్యమము అను పేర రెండు భాగములుగా రచించిరి. తమ గొప్ప చెప్పుకొనక, సంఘముల పనులను, సభల తీర్మానములను, సహచరుల సేవలను వరుసగా నమోదు చేసిన గ్రంథమది. ఈ చరిత్రను తెలియగోరువారికి నేటికిని అది మూలాధారము.

గౌరవములు ఆయనను వెదకుకొని వచ్చినవి. 1951లో హైదరాబాదు నగరమునకు తొలి మేయరుగా ఎన్నికైరి. 1955లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నొసగెను. ఉర్దూ బోధనకై పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయము తెలుగు చదువు కొరకు పాటుపడిన ఈ పెద్దను గౌరవ డాక్టరేటుతో సత్కరించుట కాలము తెచ్చిన మంచి మార్పు. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులై 1964 వరకు ఆ పదవిని నిష్పక్షపాతముగా నిర్వహించిరి. 1970 నవంబరు 11వ తేదీన దివంగతులైరి. నారాయణగూడలోని బాలికల పాఠశాల ఆయన పేర పిలువబడుచున్నది.

పంతులుగారు అడిగిన న్యాయమునకు తరువాత రాజ్యాంగమున చోటు లభించెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 30వ అధికరణము ప్రకారము, మత భాషా అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించుకొనవచ్చును. సహాయద్రవ్యము ఇచ్చునప్పుడు ప్రభుత్వము అట్టి సంస్థపై వివక్ష చూపరాదు. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపుమని చెప్పుచున్నది. ఉర్దూ పాఠశాలకైనను, తెలుగు పాఠశాలకైనను, మరాఠీ పాఠశాలకైనను తూనిక యొకటే కావలెనను మాట చట్టములో చేరెను. చట్టములో చేరిన మాట తరగతి గదిలోనికి వచ్చుట వేరు పని. అది ప్రతి తరమువారును క్రొత్తగా చేయవలసిన పని.

నేడు సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతము నాటి మెదకు సీమ కాదు. ఫ్యాక్టరీలు వచ్చినవి. రామచంద్రాపురమున భెల్ కర్మాగారము, పటాన్‌చెరువున 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధన కేంద్రము, చుట్టును మందుల పరిశ్రమలు, ఇనుప కార్ఖానాలు వెలసినవి. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలు, గురుకులములు, కస్తూరిబా విద్యాలయములు, ఆదర్శ పాఠశాలలు, ఎయిడెడ్ పాఠశాలలు, ఫీజులు పుచ్చుకొను ప్రైవేటు పాఠశాలలు అన్నియు ఒకే మండలమున పక్కపక్కనే యున్నవి. ఒక్కొక్క తరహా పాఠశాలకు ఒక్కొక్క లెక్క, ఒక్కొక్క పద్దు. ఒకచోట వసతిగృహము, భోజనము గలవు. మరియొకచోట పాఠము చెప్పు ఉపాధ్యాయుని స్థానమే ఖాళీ. పిల్లవాడు ఏ గేటు లోపల కూర్చున్నాడను దానినిబట్టి అతని పాలు నిర్ణయమగుట న్యాయమా యను ప్రశ్న పంతులుగారి కాలమునుండి మనకు సంక్రమించినదే.

మరియొక సంగతి. కార్ఖానాలలో పనిచేయుటకు ఒడిశానుండి, బీహారునుండి, ఉత్తర ప్రదేశమునుండి వచ్చిన కూలీల పిల్లలు ఈ ప్రాంతపు వీధులలో ఆడుకొనుచున్నారు. వారి యింటి భాష ఒడియా, భోజ్‌పురి, హిందీ. బడికి పోయిన తెలుగును, ఆంగ్లమును ఒక్కసారిగా ఎదుర్కొనవలెను. నూరేండ్ల క్రిందట తెలుగు బాలుడు ఉర్దూ తరగతిలో ఎట్లు మూగవోయెనో నేడు వీరు అట్లే మూగవోవుదురు. నాడు మన పిల్లలకు జరిగినది అన్యాయమని నమ్మినచో, నేడు వారికి జరుగుదానిని చూచి ఊరకుండుట తగదు. తెలుగువారు బలహీనులైనప్పుడు పంతులుగారు కోరిన న్యాయము, తెలుగువారు బలవంతులైన చోట ఇతరులకు ఇయ్యవలసిన న్యాయమే.

గ్రంథాలయపు గోడమీద మహనీయుల పటములు వ్రేలాడును. మాడపాటి హనుమంతరావు పంతులుగారి పటమునకు దండ వేయుట సులభము. ఆయన చేసినట్లు ఊరి బడికి రావలసిన పాలెంతయో విచారించి అర్జీ వ్రాయుట, జవాబు రాకున్న మరల వ్రాయుట, అంతవరకు సాయంకాలము గ్రంథాలయపు దీపము క్రింద నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి వారి భాషలో పాఠము చెప్పుట కొంత కష్టము. ఆ కష్టమే ఆయనకు నిజమైన పూజ.